ఇన్సులిన్ పంప్ వాడుతున్నా షుగర్ దిగకపోతే ముందు సెట్‌ని అనుమానించండి: చెన్నై నుంచి ఒక వాడుకరి మాట

టైప్ 1 డయాబెటిస్ ఉన్నవాళ్ళు ఇన్సులిన్ పంప్ (సన్నటి గొట్టం, ఒంటికి అంటించుకునే సెట్ ద్వారా రోజంతా ఇన్సులిన్ పంపే చిన్న యంత్రం) తీసుకోవాలా అని అడిగితే నేను తీసుకోమనే చెబుతాను. ఏళ్ళ తరబడి వాడుతున్నాను, మళ్ళీ రోజూ నాలుగైదు పెన్ పోట్లకు వెళ్ళాలని అస్సలు లేదు. తెల్లవారుజామున షుగర్ పెరిగే వేళకు బేసల్ (రోజంతా కొద్దికొద్దిగా పోయే ఇన్సులిన్) కాస్త పెంచి పెట్టుకోవచ్చు, సాయంత్రం బీచ్‌లో నడకకు ముందు తగ్గించుకోవచ్చు, పీరియడ్స్‌కు ముందు రోజుల్లో వేరే ప్యాటర్న్ పెట్టుకోవచ్చు. పెన్‌తో ఇవి కుదరవు. కానీ పంప్ పెట్టుకున్నాక ఒక రాత్రి షుగర్ 300 దాటి ఎంతకీ దిగకపోతే ఏం చేయాలో ముందే గట్టిగా తెలిసి ఉండాలి, అందుకే ఇది రాస్తున్నాను.

పంప్‌లో పోసేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే. పెన్ వాడేవాళ్ళు గ్లార్జిన్ లాంటిది వేసుకుంటే అది రోజంతా లోపల పనిచేస్తూ ఉంటుంది, ఒక పూట భోజనం డోసు తప్పినా ఒళ్ళు పూర్తిగా ఖాళీ కాదు. మనకు ఆ ఆధారం లేదు. సరఫరా ఆగితే కొన్ని గంటల్లోనే కీటోన్లు (ఇన్సులిన్ అందక ఒళ్ళు కొవ్వును కరిగించుకుంటే రక్తంలో చేరే ఆమ్లాలు) మొదలవుతాయి, పట్టించుకోకపోతే అది ప్రాణం మీదికి తెచ్చే కీటోఅసిడోసిస్ దాకా పోతుంది. ఇంట్లోవాళ్ళకు మాత్రం షుగర్ పెరిగిందంటే తిండే గుర్తొస్తుంది. నెల్లూరు నుంచి మా అమ్మ ఫోన్‌లో మొదట అడిగేది "ఏం తిన్నావమ్మా?" అనే. ఏమీ తినలేదమ్మా, సెట్ పోయిందేమో అని చెప్పి చెప్పి ఇప్పుడు ఆవిడే "సెట్ చూసుకున్నావా?" అంటోంది.

పంప్ ఖరీదైనదే, మంచిదే, కానీ అందులో బలహీనమైన చోటు ఒంటికి అంటించుకునే ఆ చిన్న ఇన్ఫ్యూజన్ సెట్. ఒకసారి రాత్రి భోజనమయ్యాక షుగర్ 280, కరెక్షన్ (షుగర్ దించడానికి వేసే అదనపు డోసు) ఇస్తే గంట తర్వాత 310, పంప్ మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టే చూపిస్తోంది. సెట్ పీకి చూస్తే మెత్తటి క్యానులా (చర్మంలోకి దిగే సన్నటి గొట్టం) కొస దగ్గర వంగిపోయి ఉంది, టేపు అడుగున తడి, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆసుపత్రి వార్డులో వచ్చే ఘాటు వాసన. ఆ వాసన ఇన్సులిన్‌లో కలిపే ప్రిజర్వేటివ్‌ది. ఇన్సులిన్ ఒంట్లోకి పోకుండా టేపులోకి పోతోందన్నమాట. పంప్ ఉన్నవాళ్ళెవరైనా ఆ వాసన గుర్తుపెట్టుకోండి, చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

అలారం ఎందుకు మోగలేదంటారా? అలారం మోగేది గొట్టంలో ఒత్తిడి పెరిగితేనే. గంటకు అర యూనిట్ బేసల్ పోతుంటే ఒత్తిడి పెరగడానికే గంటలు పట్టొచ్చు. ఇక అడ్డుపడకుండా బయటికి కారిపోతుంటే ఒత్తిడే ఉండదు, అలారమూ ఉండదు. కాబట్టి అలారం రాలేదు కదా అని ఊరుకోకండి.

మా డాక్టరమ్మ నేర్పిన పద్ధతి ఇదీ, మీ డాక్టరుతో ఒకసారి అంకెలు సరిచూసుకోండి. ఒంటికి పెట్టుకున్న షుగర్ సెన్సర్ ఎక్కువ చూపిస్తే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని వేలి నుంచి చూసుకోవాలి (బంగినపల్లి సీజన్‌లో వేలికి రసం అంటుకుని ఉన్నా మీటర్ భయపెట్టేస్తుంది). నిజంగానే 250 దాటి ఉంటే కీటోన్లు చూసుకోవాలి. అవి లేకపోతే పంప్‌తో ఒక్కసారి కరెక్షన్, గంట గంటన్నరలో దిగడం మొదలుపెట్టకపోతే ఇక పంప్‌ని నమ్మేది లేదు. తర్వాత కరెక్షన్ పెన్‌తోనే, ఆపైన సెట్, రిజర్వాయర్ (పంప్‌లో ఇన్సులిన్ నింపే డబ్బీ), గుచ్చే చోటు మూడూ మార్చేయాలి, ఇన్సులిన్ మీద అనుమానముంటే కొత్త వయల్ తీయాలి. కీటోన్లు మొదట్లోనే కనిపిస్తే ఆ గంట కూడా ఆగక్కర్లేదు, నేరుగా పెన్నే. రక్తంలో కీటోన్లు 0.6 లోపు ఉంటే ఫరవాలేదు, 1.5 దాటితే డాక్టరుకు ఫోన్, 3 దాటినా, వాంతులు మొదలైనా నేరుగా ఆసుపత్రికే. మూత్రం స్ట్రిప్‌లు చవకే గానీ అవి కాస్త వెనకటి సంగతి చెబుతాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. పంప్ ఇచ్చానని లెక్క రాసుకున్న బోలస్ (భోజనానికో కరెక్షన్‌కో ఒకేసారి ఇచ్చే డోసు) ఒంట్లోకి పోయిందో లేదో దానికి తెలీదు, మీరు పెన్‌తో వేసుకున్నదీ తెలీదు. సెన్సర్‌ని చూసి తనంతట తానే డోసు మార్చుకునే ఆటో మోడ్ పంప్ అయితే అది తన ధోరణిలో ఇంకా ఇన్సులిన్ ఇచ్చుకుంటూ పోయి తెల్లారేసరికి షుగర్ లో అయ్యే ప్రమాదం ఉంది. అందుకే పెన్ వేసుకున్నాక కొన్ని గంటలు మాన్యువల్‌లో పెట్టమంటారు. ఇది చాలా ముఖ్యం, టెన్షన్‌లో డోసు మీద డోసు వేసేయకండి.

షుగర్ పెరిగిన ప్రతిసారీ సెట్టే కారణం కాదు. బిర్యానీ, నెయ్యి పొంగల్ తిన్నాక మూడు నాలుగు గంటలకు మెల్లగా ఎక్కి, కరెక్షన్ ఇస్తే మాట వింటే అది కొవ్వు పని. అలాంటి పూట బోలస్‌ని రెండు భాగాలుగా, సగం వెంటనే, సగం రెండు మూడు గంటల్లో వెళ్ళేలా పెడితే నాకు బాగా కుదిరింది. జ్వరం, స్టెరాయిడ్ మాత్రలు ఉన్నా పెరుగుతుంది. ఎప్పుడూ ఒకే చోట గుచ్చితే చర్మం కింద గడ్డకట్టి అక్కడ ఇన్సులిన్ సరిగా ఎక్కదు, వేలితో తడిమి చూడండి.

చెన్నై ఎండ సంగతి వేరే చెప్పాలి. మే నెలలో, ఆ అగ్ని నక్షత్రం రోజుల్లో, బయట 40 దాటుతుంది. పంప్‌లోని ఇన్సులిన్ 37 డిగ్రీలు మించితే దెబ్బతింటుంది. గొట్టం చొక్కా లోపలే ఉంచండి, బస్సు కోసం ఎండలో నిలబడాల్సి వస్తే పంప్‌ని బెల్టుకు కాకుండా లోపల పెట్టుకోండి. చెమటకు టేపు అంచులు లేస్తాయి, మీద ఇంకో టేపు వేస్తేనే నిలుస్తుంది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానుకు మా వేళచ్చేరిలో కరెంటు పోయినప్పుడు వయల్స్‌ని కవర్లో చుట్టి తడి మట్టికుండలో పెట్టాం, మీరూ ఒక కుండ ఉంచుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసిన ఇన్సులిన్‌ని వెంటనే రిజర్వాయర్‌లోకి ఎక్కిస్తే తర్వాత వేడికి బుడగలు వస్తాయి, కాసేపు బయట ఉంచి నింపడం మేలు.

మామూలు సెట్‌ని రెండు మూడు రోజులకోసారి మార్చాల్సిందే, పెట్టె ధర చూసి అయిదో రోజు దాకా లాగకండి. పడుకునే ముందు మార్చకండి, పొద్దున టిఫిన్‌కు ముందు మారిస్తే పని చేస్తోందో లేదో రెండు గంటల్లో తేలిపోతుంది. మెత్తటి క్యానులా మాటిమాటికీ వంగుతుంటే ఏటవాలుగా దిగేవి, స్టీలు సూదివి కూడా ఉన్నాయి. స్టీలుది వంగదు, కాకపోతే రెండు రోజులకే మార్చాలి. నేను ఇప్పుడు దానికే వచ్చాను, అలాంటి రాత్రులు బాగా తగ్గాయి. మీరూ పెట్టెలకు పెట్టెలు ఆర్డర్ ఇచ్చే ముందు రెండు మూడు రకాల శాంపిళ్ళు అడిగి ఒంటి మీద పెట్టి చూసుకోండి.