సీటీఎక్స్ స్టీరియో జతలు, చాలాకాలం వాడాక: నిటారు గోడల మీద పని చేయించేది మ్యాప్‌ప్రొజెక్ట్

కుజుడి చుట్టూ 2006 నుంచి తిరుగుతున్న మార్స్ రికనైసెన్స్ ఆర్బిటర్‌లోని కాంటెక్స్ట్ కెమెరా (సీటీఎక్స్) బొమ్మల నుంచి, నాసా సాఫ్ట్‌వేర్ ఏమ్స్ స్టీరియో పైప్‌లైన్‌లో డెమ్‌లు, అంటే నేల ఎత్తుల పటాలు, తీసేవాళ్ల కోసం ఇది. బొమ్మలను ఐసిస్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి తేవడం, నౌక స్థానం జోడించే స్పైస్ఇనిట్, కాలిబ్రేషన్ అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. చెప్పాల్సింది ఒక్క మెట్టు గురించి. ఒకే చోటును రెండు కోణాల నుంచి తీసిన జతలోని రెండు బొమ్మలనూ పోల్చకముందే ఒక ముతక డెమ్ మీద పరిచేయడం, అదే మ్యాప్‌ప్రొజెక్ట్. అది లేకుండానూ పని నడుస్తుంది కదా అని చాలామంది దాటేస్తారు. లోయల గోడలు, బిలాల అంచులు చూసేవాళ్లు మాత్రం దాటేయకూడదు.

ఎందుకో లెక్క వేస్తే తేలిపోతుంది. మామూలు బ్లాక్ మ్యాచింగ్‌లో కిటికీ, అంటే రెండు బొమ్మల్లో ఒకేసారి పోల్చే ముక్క, 21×21 పిక్సెళ్లు. పిక్సెల్ 6 మీటర్లు, అంటే నేల మీద 126 మీటర్లు. కుజుడి మీది పెద్ద లోయ వాలెస్ మారినెరిస్ గోడల మీద 30 డిగ్రీల వాలు దొరికితే ఆ ఒక్క కిటికీలోనే ఎత్తు 70 మీటర్లకు పైగా మారుతుంది. జతకు బేస్-హైట్ నిష్పత్తి (రెండు బొమ్మలు తీసిన చోట్ల మధ్య దూరానికీ, కెమెరా ఎత్తుకూ నిష్పత్తి) 0.4 అనుకుంటే కిటికీ ఒక అంచుకూ రెండో అంచుకూ డిస్పారిటీలో, అంటే రెండు బొమ్మల మధ్య ఒకే బిందువు జరిగే దూరంలో, దాదాపు 5 పిక్సెళ్ల తేడా వస్తుంది. వాలు ఏ దిక్కుకుందన్నదాన్ని బట్టి ఎడమ బొమ్మలోని ముక్క కుడి బొమ్మలో సాగడమో, ఒరిగిపోవడమో జరుగుతుంది. రెండూ ఒకటేనని ప్రోగ్రాం గుర్తుపట్టదు, గోడ పొడవునా డెమ్‌లో చిల్లులు మిగులుతాయి. ఎఫైన్ఎపిపోలార్ అనే అలైన్‌మెంట్ పద్ధతి బొమ్మ మొత్తాన్ని కలిపి ఒక్కసారి సరిచేస్తుందే తప్ప గోడనూ లోయ అడుగునూ విడివిడిగా సరిచేయలేదు. ముందే పరిచిన బొమ్మల్లో ఆ పెద్ద సాగుడు తొలగిపోయి, ముతక డెమ్‌కు అందని చిన్న తేడాలే మిగులుతాయి. అదే జత, అదే కిటికీ, గోడ నిండుగా వస్తుంది. ఇంత చిన్న పనికి ఇంత ఫలితం ఈ పైప్‌లైన్‌లో మరెక్కడా కనిపించలేదు.

అయితే ఇది మొరాయించే చోటు ఒకటుంది. తెర మీద తప్పు అని ఏమీ రాదు, పని మాత్రం గంటల తరబడి ఈడుస్తుంది. కారణం ఎక్కువసార్లు ముతక డెమ్‌లోనే ఉంటుంది. ముతక డెమ్‌గా వాడే మోలా (కుజుడి ఎత్తులను లేజర్‌తో కొలిచిన పరికరం) గ్రిడ్‌లో అందరూ దించుకునే ఎత్తులు ఏరియాయిడ్ నుంచి, అంటే భూమి మీద సముద్రమట్టం లాంటి కుజుడి గురుత్వ మట్టం నుంచి, కొలిచినవి. పైప్‌లైన్‌కు కావలసినవి 3396190 మీటర్ల వ్యాసార్ధమున్న గోళం నుంచి. కుజుడు ధ్రువాల దగ్గర చదునుగా ఉంటాడు కాబట్టి ఈ రెండింటి మధ్య తేడా ధ్రువాల వద్ద 20 కిలోమీటర్ల దాకా, 40 డిగ్రీల అక్షాంశం దగ్గర సుమారు 8 కిలోమీటర్లు ఉంటుంది. ఆ 8 కిలోమీటర్ల తప్పు ఎత్తు మీద బొమ్మలు పరిస్తే, 0.4 నిష్పత్తి జతలో అవి ఒకదానికొకటి 3 కిలోమీటర్లకు పైగా, అంటే 500 పిక్సెళ్లకు మించి పక్కకు జరిగి పడతాయి. వెతికే పరిధి అంతకంతా పెరుగుతుంది, తప్పుడు జోడింపులూ పెరుగుతాయి. త్రికోణీకరణలో అదే డెమ్‌తో పరుపును వెనక్కి తిప్పేస్తారు కనుక చివరి ఎత్తులు చాలావరకు సరిగానే రావచ్చు. అందుకే ఈ లోపం బయటపడకుండా చాలాకాలం దాగుతుంది. ఎత్తులను ఒక మట్టం నుంచి మరో మట్టానికి మార్చే డెమ్‌జియాయిడ్ ప్రోగ్రాంను రివర్స్ అడ్జస్ట్‌మెంట్‌తో ఒక్కసారి నడిపితే సరిపోతుంది. తర్వాత డెమ్‌ను సరైన చోటికి జరిపే పీసీఅలైన్‌లో మోలా లేజర్ షాట్లు వాడేటప్పుడూ ఇంతే. పట్టికలో టోపోగ్రఫీ, వ్యాసార్ధం రెండూ ఉంటాయి, వ్యాసార్ధం ఉన్న నిలువు వరుసనే ఇవ్వాలి.

మిగతా జాగ్రత్తలు త్వరగా చెప్తాను. రెండు బొమ్మలకూ ప్రొజెక్షన్, రిజల్యూషన్ ఒకటే ఉండాలి, ప్రోగ్రాం ఎంపికకు వదిలేయొద్దు. అలైన్‌మెంట్ మెథడ్ నన్ అని పెట్టి, అసలు క్యూబ్‌లతో (ఐసిస్ బొమ్మ ఫైళ్లతో) పాటు అదే డెమ్‌ను చివర ఇవ్వాలి. కెమెరాల స్థానాలను సరిచేసే బండిల్ అడ్జస్ట్‌ను పరచడానికి ముందే చేసి, దాని ప్రిఫిక్స్‌ను మ్యాప్‌ప్రొజెక్ట్‌కూ, స్టీరియోకూ రెండు చోట్లా ఇవ్వాలి. మోలా గ్రిడ్ గడి భూమధ్యరేఖ దగ్గర 463 మీటర్లు, దాన్ని అలాగే వాడితే గడుల అంచులు మెట్లుగా ఫలితంలోకి దిగుతాయి. డెమ్‌మొజాయిక్‌లో సిగ్మా 5తో మసకబరచాలి. ఇంకా మంచిది, మొదటి రన్‌లో వచ్చిన డెమ్‌నే ముతకగా తీసి, చిల్లులు పూడ్చి, మసకబరచి, దాని మీద మళ్లీ పరచడం.

గోడ నిండుగా వస్తుందన్నాను కదా, బ్లాక్ మ్యాచింగ్ బదులు ఏఎస్పీ ఎంజీఎం అనే పోల్చే పద్ధతి వాడినప్పుడు ఆ నిండుదనాన్ని పూర్తిగా నమ్మను. నీడలోనూ, నున్నటి ధూళి మీదా ఆ పద్ధతి పక్క పిక్సెళ్లను చూసి నునుపుగా కలిపేస్తుంది. కొండచరియ జారి పరుచుకున్న భాగం ఎంత అందంగా వచ్చినా ఇంటర్‌సెక్షన్ ఎర్రర్ (రెండు కెమెరాల చూపు గీతలు కలవకుండా మిగిలే ఎడం) పటాన్ని దాని పక్కనే పెట్టి పోల్చి చూడనిదే వాలు లెక్కించకూడదు. ధూళి మైదానాల్లో అసలు పోల్చుకోవడానికి గుర్తులే ఉండవు, అక్కడ మ్యాప్‌ప్రొజెక్ట్ చేసేదేమీ లేదు.

ఇంకో పరిమితి జతలది. చంద్రయాన్-2లోని టీఎంసీ-2 కెమెరా ముందుకు, కిందకు, వెనక్కు చూస్తూ మూడు బొమ్మలూ ఒకే దాటులో తీస్తుంది. సీటీఎక్స్ ఒక్క కెమెరా. నౌక ఒరిగినప్పుడు, వేరే ప్రదక్షిణలో రెండో బొమ్మ వస్తుంది. బొమ్మలు ఎప్పుడూ కుజుడి మధ్యాహ్నం 3 గంటల ప్రాంతంలోనివే అయినా రుతువు మారితే నీడ దిక్కు మారుతుంది. 2018 ధూళి తుపానుకు ముందొకటి, తర్వాతొకటి కలిపితే నేల రంగే వేరు. సూర్యుడి దిక్కు దగ్గరగా ఉన్న జతను, కోణం కొంచెం తక్కువైనా సరే, ముందు ఎంచుకోవాలి.

నాకు కావలసింది వాలెస్ మారినెరిస్ చరియల వాలు, మందం. గ్రిడ్ 18 నుంచి 24 మీటర్లు, నిలువు ఖచ్చితత్వం అనుకూలమైన చోట 3 మీటర్ల ప్రాంతం, ఆ పనికి ఇది చాలు. బండరాళ్లు, 100 మీటర్ల లోపు బిలాల లోతు కావాలంటే అదే నౌకలోని ఇంకా సూక్ష్మంగా చూసే కెమెరా హైరైజ్ జత వెతకాలి. 16 జీబీ మెమరీ యంత్రంలో ఎంజీఎం ప్రాసెస్‌లు రెండుకు మించి పెట్టలేకపోతున్నాను. పెద్ద క్లస్టర్ ఉన్నవాళ్లకు మొదటి రన్, రెండో రన్ అనే ఈ తిప్పలు అంత భారం కాకపోవచ్చు.