ఫాస్ఫేట్ సొల్యూషనా, పొడా, ఇంజెక్షనా: ఎక్స్‌ఎల్‌హెచ్ పిల్లలకు ఏది మేలు?

మా అమ్మాయికి ఎక్స్‌ఎల్‌హెచ్ రికెట్స్ (జన్యులోపం వల్ల ఫాస్ఫేట్ మూత్రంలో పోయి ఎముకలు మెత్తబడే జబ్బు) అని తెలిసినప్పటి నుంచి గుంటూరు, విజయవాడ తల్లిదండ్రులు చాలామంది నన్ను ఇదే అడుగుతున్నారు. విటమిన్ డి సాచెట్లు ఎన్ని వాడినా కాళ్లు వంగడం ఆగక, చివరికి ఫాస్ఫేట్ మూత్రంలో పోతోందని తేలినవాళ్లే అందరూ.

నా దృష్టిలో ముందు తేల్చుకోవాల్సింది మందు పేరు కాదు, రోజుకు ఎన్నిసార్లు ఇవ్వగలం అన్నది. నోటితో ఇచ్చిన ఫాస్ఫేట్ రక్తంలో కొన్ని గంటలే ఉంటుంది. అందుకే రోజు మోతాదును నాలుగు నుంచి ఆరు భాగాలు చేయమంటారు. రెండే పెద్ద డోసులుగా ఇస్తే కడుపునొప్పి, విరేచనాలు. మోతాదు ఎక్కువైతే ఎముకల్లోంచి కాల్షియం లాగే పారాథైరాయిడ్ హార్మోన్ కూడా పెరుగుతుంది.

ఈమధ్య మేం పొడి మానేసి జౌలీస్ సొల్యూషన్ అనే ఫాస్ఫేట్ ద్రావణానికి మారింది ఇందుకే. మిల్లీలీటరుకు 30.4 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ ఉంటుంది కాబట్టి, డాక్టరు చెప్పిన చిన్న డోసును సిరంజితో సరిగ్గా కొలవొచ్చు. రుచి మాత్రం పిల్లలకు అస్సలు నచ్చదు. పాలతో కలిపి ఇవ్వకండి, కాల్షియం దాన్ని పట్టేసుకుంటుంది. అన్ని మందుల షాపుల్లోనూ దొరకదు, సీసా ఖాళీ కాకముందే చెప్పి ఉంచాలి. బడికెళ్లే పెద్ద పిల్లలకైతే పొడిని నీళ్లసీసాలో కలిపి పంపితే కొంచెం కొంచెంగా తాగుతారు. వాళ్లకు అదే సులువు.

పొడైనా సొల్యూషనైనా, అల్ఫాకాల్సిడాల్ (మామూలు సాచెట్ కాదు, చురుకైన రూపంలోని విటమిన్ డి) తోడుండాలి, మూత్రంలో కాల్షియం, కిడ్నీ స్కాన్ చూపించుకుంటూ ఉండాలి. రిపోర్టులో ఫాస్ఫరస్ నార్మల్‌కు రాలేదని టెన్షన్ పడి డోసు పెంచేయకండి. ఎముక జబ్బు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ తగ్గుతోందా, పిల్ల ఎదుగుతోందా అన్నదే చూడండి.

బురోసుమాబ్ ఇంజెక్షన్‌కు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఫాస్ఫేట్‌ను మూత్రంలోకి తోసే ఎఫ్‌జీఎఫ్ 23 అనే హార్మోన్‌నే అది అడ్డుకుంటుంది. పిల్లలకు రెండు వారాలకోసారి ఇస్తారు, ఫాస్ఫేట్ ఆపేస్తారు. 61 మంది పిల్లలపై జరిపి 2019లో వెలువరించిన అధ్యయనంలో, పాత చికిత్స కంటే దీనితోనే రికెట్స్ బాగా తగ్గింది. అందితే అదే మేలు, సందేహం లేదు. కానీ ఖర్చు లక్షల్లో ఉంటుంది. దానికోసం చూస్తూ ఉన్న మందు ఆపకండి, ఎముక ఎదిగే వయసు ఆగదు.

ఆపరేషన్ సంగతి తర్వాత. మందు సరిగా పడనప్పుడు సరిచేసిన కాలు కూడా మళ్లీ వంగుతుంది.