అరవై ఏళ్లు దాటినవాళ్ల గోల్ఫ్ స్వింగ్‌కి 70 గ్రాముల షాఫ్ట్: చాన్నాళ్లు వాడాక

గోల్ఫ్‌లో స్వింగ్ నెమ్మదించినవాళ్లు షాఫ్ట్ (క్లబ్ కాడ) మీద రాసిన అక్షరం కంటే ముందు దాని బరువు చూసుకోవాలి. ఇది వాడి తెలుసుకున్న మాట. ఆర్ (రెగ్యులర్), ఎస్ (స్టిఫ్), ఏ (సీనియర్) అనే ఫ్లెక్స్ అక్షరాలకు, అంటే కాడ ఎంత వంగుతుందో చెప్పే గుర్తులకు, కంపెనీలన్నీ ఒప్పుకున్న కొలత అంటూ ఏదీ లేదు. ఒకరి రెగ్యులర్ ఇంకొకరి సీనియర్ అంత మెత్తగా ఉండొచ్చు. గ్రాములు మాత్రం ఎక్కడైనా గ్రాములే.

యాభైల్లో నా డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) స్పీడ్ గంటకు 95 మైళ్ల దాకా వచ్చేది. ఇప్పుడు 82, 83. వాడుకలో ఉన్న లెక్క ప్రకారం 85 నుంచి 95 వరకు రెగ్యులర్, 75 నుంచి 85 వరకు సీనియర్. డ్రైవర్‌కి ఆ లెక్కనే పట్టుకుని 50 గ్రాముల సీనియర్ షాఫ్ట్ వేయించాను. బంతి కాస్త ఎత్తుగా లేస్తోంది, దూరంలో పెద్ద తేడా లేదు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

అసలు తేడా ఐరన్లలో (నంబరు తగ్గేకొద్దీ బంతి ఎక్కువ దూరం పోయే క్లబ్బులు) కనిపించింది. నా పాత సెట్‌లో ఉన్నవి డైనమిక్ గోల్డ్ ఆర్300 స్టీల్ షాఫ్ట్‌లు, ఒక్కోటి సుమారు 127 గ్రాములు. గోల్కొండ నయా ఖిలాలోని కోర్సులో మొదటి తొమ్మిది హోల్స్ వాటితో బాగానే లాగించేవాణ్ణి. ఆ తర్వాత చేతులు బరువెక్కి, క్లబ్ వెనకబడి, బంతి కుడివైపుకి కిందగా పోయేది. "సార్, సెవెన్ సరిపోదు, సిక్స్ తీస్కోండి" అని క్యాడీ అడక్కుండానే అందించేవాడు. పైగా రేంజ్‌లో (ప్రాక్టీసు చోటు) మ్యాట్ మీద కొట్టిన మర్నాడు మోచెయ్యి పట్టేసేది. మే నెలలో మన నేల కూడా మ్యాట్‌కి ఏం తక్కువ కాదు.

వాటి బదులు ఏరోటెక్ స్టీల్‌ఫైబర్ ఐ70 వేయించాను. లోపల గ్రాఫైట్, పైన వెంట్రుకంత సన్నని ఉక్కు తీగ చుట్టు. బరువు 70 గ్రాముల ప్రాంతం. ఫ్లెక్స్ మాత్రం రెగ్యులరే తీసుకున్నాను, సీనియర్ కాదు. బరువు తగ్గాక ఆ గట్టిదనం నాకు అడ్డు రాలేదు. తాజాగా ఉన్నప్పుడు సెవెన్ ఐరన్ దూరం నాలుగైదు గజాలే పెరిగింది. కానీ పదహారో హోల్‌లో కూడా అదే దూరం వస్తోంది, నాకు కావలసింది అదే. బంతి ఎత్తు నుంచి దిగుతోంది కాబట్టి గ్రీన్ (గుంట చుట్టూ ఉన్న నున్నటి పచ్చిక) మీద ఆగుతోంది కూడా. మోచెయ్యి నొప్పి పూర్తిగా పోలేదు గానీ, మాత్ర వేసుకునే అవసరం రావడం లేదు.

షాఫ్ట్ మార్చేటప్పుడు షాపులో అడగాల్సినవి రెండున్నాయి. ఒకటి, హోసెల్ (క్లబ్ తలలో షాఫ్ట్ దూరే గొట్టం) కొలత: 0.355 అంగుళాల టేపర్ టిప్పా (కొస సన్నబడేది), 0.370 ప్యారలల్ టిప్పా (కొస ఒకే మందంగా ఉండేది) అన్నది. రెండోది స్వింగ్ వెయిట్, అంటే ఊపేటప్పుడు తల ఎంత బరువనిపిస్తుందో చెప్పే కొలత; ఇందులో సీ9 తర్వాత డీ0 వస్తుంది. షాఫ్ట్‌లో తొమ్మిది గ్రాములు తగ్గితే సుమారు ఒక పాయింట్ తగ్గుతుంది. 57 గ్రాములు తగ్గేసరికి నా డీ2 కాస్తా సీ6కి జారింది. అలాగే వదిలేస్తే క్లబ్ తల ఎక్కడుందో చేతికి తెలియదు, చీపురు పుల్ల ఊపినట్టే ఉంటుంది. అర అంగుళం పొడవు పెంచితే మూడు పాయింట్లు, తలకి రెండు గ్రాముల సీసపు టేపు అంటిస్తే ఇంకొకటి వచ్చి డీ0 దగ్గర కుదిరింది. నేను మొదట వెళ్లిన షాపువాళ్లు ఇవేవీ చెప్పకుండా కొత్త సెట్ కొనమన్నారు. నమస్కారం పెట్టి బయటికొచ్చాను.

ఇంకో మాట. ఫిట్టింగ్‌కి, అంటే స్వింగ్ కొలిపించుకుని షాఫ్ట్ ఎంచుకోవడానికి, ఏసీ గదిలో, పొద్దున్నే, ఒంట్లో ఓపికంతా ఉన్నప్పుడు వెళ్తాం. పక్కన మనిషి చూస్తుంటే మనకి తెలియకుండానే గట్టిగా కొడతాం. మెషిన్ స్పీడ్ 88 చూపిస్తుంది, వాళ్లు దానికే షాఫ్ట్ ఇస్తారు. నేనైతే సగం రౌండ్ ఆడి, అలసిపోయాక వెళ్లాను. ఎవరైనా అడిగితే ఇదే సలహా ఇస్తాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆషాఢ గాలికి ఎదురు కొడితే బంతి పైకి లేచి అక్కడే నిలబడిపోతుంది. అప్పుడు పాత స్టీల్ గుర్తొస్తుంది. బంతి సరిగ్గా తగిలిందా లేదా అన్నది చేతికి కొంచెం మసకగానే అందుతుంది. ధర కూడా స్టీల్ కంటే బాగా ఎక్కువ. ఎండలో కారు డిక్కీలో బ్యాగ్ వదిలేయడం నేను మానేశాను. షాఫ్ట్‌ని తలకి అంటించేది ఎపాక్సీ జిగురు, దానికి వేడి పడదు.

వెడ్జ్‌లకి (దగ్గరి షాట్ల క్లబ్బులు) ఇంత తేలికవి వేయించలేదు. సగం స్వింగ్ షాట్లకి చేతిలో కొంత బరువుండాలి. అలాగని 127 గ్రాములు ఉంచితే ఐరన్ల పక్కన మరీ తేడా. అందుకని 95 గ్రాముల తరగతి నిప్పన్ ఎన్.ఎస్.ప్రో 950 పెట్టించాను, సరిగ్గా కుదిరింది. ఫోర్, ఫైవ్ ఐరన్లకు మాత్రం డబ్బు దండగ అనుకున్నాను. ఈ స్పీడ్‌కి ఏ షాఫ్ట్ వేసినా వాటితో బంతి లేవదు. వాటి స్థానంలో రెండు హైబ్రిడ్లు (బంతిని తేలిగ్గా లేపే క్లబ్బులు) వచ్చాయి.