విండోస్‌ల కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్: మస్తు రోజులు వాడినంక చెప్తున్న

మన ఫైళ్లకు తాళం ఏసి పైసలడిగే రాన్సమ్‌వేర్ అనే వైరస్‌ల నుంచి కాపాడేటందుకు, పైసా ఖర్చు లేకుండ విండోస్‌లనే ఉండే ఆప్షన్ ఇది. 2017 చివర్ల విండోస్ 10 అప్‌డేట్‌తోటి వచ్చింది గని ఇప్పటికీ ఆఫ్‌లనే ఉంటది, మనమే పోయి ఆన్ చేసుకోవాలె, అందుకే మన నల్గొండల ఎవర్ని అడిగినా గదేంది అంటరు. నేను సాయంత్రాలు ఇంట్లనే పెండ్లి కార్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్త, అదే సిస్టమ్‌ల పిల్లల ఫోటోలు, పొలం పాస్‌బుక్ స్కాన్లు అన్నీ ఉన్నయి.

తెలిసినాయన డీటీపీ షాపుల ఏం జరిగిందో చూసినంకనే దీని జోలికి వచ్చిన. క్రాక్ సాఫ్ట్‌వేర్ (పైసలు కట్టకుండ వాడే దొంగ కాపీ) ఎక్కించిండ్రు, తెల్లారి చూస్తే ఒక్క ఫైలూ తెరుచుకోలే, ప్రతి ఫైల్ పేరు చివర నాలుగు అక్షరాల తోక, ప్రతి ఫోల్డర్ల రీడ్‌మీ అని ఒక టెక్స్ట్ ఫైల్, అండ్ల 980 డాలర్లు కట్టుర్రి, 72 గంటల్లోపు మాట్లాడితే సగం, 490 అని. అది డీజేవీయూ అనే రాన్సమ్‌వేర్ రకం. ఎమ్సిసాఫ్ట్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ల ఫ్రీ డిక్రిప్టర్ (తాళం తీసే సాఫ్ట్‌వేర్) ఉంది గని పాత రకాలకు, కొన్ని కీలకే (తాళంచెవులకే) పనిచేస్తది, ఈయనకు కాలే.

ఇగ ఇది చేసే పని ఏందంటే, విండోస్‌కు నమ్మకం లేని ప్రోగ్రామ్ ఏదన్న మన ఫోల్డర్ల ఫైల్ మార్చబోతే చెయ్యి పట్టుకొని ఆపుతది. అది వైరసా కాదా అని కూడ చూడదు, గదే దీని బలం. విండోస్ సెక్యూరిటీల వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌కు పోయి కిందికి జరిపితే రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ అని కనిపిస్తది. వేరే యాంటీవైరస్ ఉంటే మాత్రం ఇది నడువది, విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండరే డ్యూటీల ఉండాలె. ల్యాప్‌టాప్‌తోటి వచ్చిన ట్రయల్‌ది తీసేసుకోర్రి.

అసలు కిరికిరి డి డ్రైవ్‌ది. మనోళ్లు సిస్టమ్ ఫార్మాట్ కొడితే పోతదని అన్నీ డి డ్రైవ్‌లనే పెడ్తరు కదా, ఇది ఆన్ చేస్తే తనంతట తాను కాపాడేది సి ల ఉన్న డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్ లాంటివే. డి ల ఉన్నవాటిని ప్రొటెక్టెడ్ ఫోల్డర్స్‌ల మనం చేర్చుకోవాలె, లేకుంటే ఆన్ చేసిన అనే తృప్తి తప్ప ఏం ఉండదు.

ఇరిటేషన్ గురించి చెప్పకుంటే అబద్ధం చెప్పినట్టే. మొదట్ల పేజ్‌మేకర్‌ల కార్డు సేవ్ కొడితే ఎర్రర్, ఇంకో సాఫ్ట్‌వేర్ల ఎక్స్‌పోర్ట్ కొడితే ఫైల్ నాట్ ఫౌండ్ అంటది, అరె కొత్త ఫైల్ సేవ్ చేస్తుంటే నాట్ ఫౌండ్ ఏందిరా, బయట కస్టమర్ కూసున్నడు, ముహూర్తం దగ్గర పడ్డది! ప్రొటెక్షన్ హిస్టరీల పోతే ఏ ప్రోగ్రామ్‌ను ఆపిందో ఉంటది, అక్కడ్నే అలౌ చేయొచ్చు. రోజూ వాడేవి ఒక్కసారి అలౌ చేసినంక ఇగ సప్పుడు చేయలే. పేరు తెల్వనిది టెంప్ ఫోల్డర్ల (తాత్కాలిక ఫైళ్లుండే చోటు) నుంచి వచ్చిందనుకో, దాన్ని మాత్రం అలౌ చేయకుర్రి. క్రాక్ సాఫ్ట్‌వేర్‌ను మీరే అలౌ చేస్తే ఇగ ఇదేం చేస్తది?

ఇంకోటి, ఇది ఫైల్ మార్చకుండ ఆపుతది గని చదువకుండ, కాపీ కొట్టకుండ ఆపది. దొంగిలించి బయట పెడ్త అని బెదిరిచ్చేటోళ్లకు ఇది అడ్డం కాదు. అందుకే నాకు దీని కంటే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ మీదనే ధీమా ఎక్కువ. ఆదివారం కాపీ చేస్త, కేబుల్ పీకి బీరువల పెడ్త. కేబుల్ గుచ్చే ఉంచితే రాన్సమ్‌వేర్లు దాన్ని కూడ లాక్ చేస్తయి, విండోస్ తనంతట తాను దాచుకునే పాత కాపీలనైతే (షాడో కాపీలు) ఇవి ముందుగాలనే తుడిచేస్తయి.

మార్కులంటే 10కి 7. ఆపినట్టు మెసేజ్ వస్తది గని సేవ్ చేస్తున్న విండోలనే అలౌ బటన్ ఇవ్వరు, కొత్త ప్రోగ్రామ్‌ను ఆపిన ప్రతిసారి గా మెనూలన్ని తిరగాలె, ఆ మూడు దానికే కోసిన.