డస్టర్ ఏడబ్ల్యూడీ ముందు స్ట్రట్‌లు: మార్చే సమయాన్ని దేన్ని బట్టి నిర్ణయించాలి

మా 2015 మోడల్ రెనో డస్టర్ ఏడబ్ల్యూడీకి (ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకూ అందే రకం) ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ముందు స్ట్రట్‌లను, అంటే స్ప్రింగ్‌ను మోసే షాక్ అబ్జార్బర్లను, 96,000 కిలోమీటర్ల దగ్గర మార్చాము. కనీసం పదివేల కిలోమీటర్ల ముందే మార్చవలసి ఉండిందని వాటిని విప్పి చూసినప్పుడు గాని నాకు తెలియలేదు. పాత స్ట్రట్‌ల మీదా, వాటి స్థానంలో వేయించిన కొత్తవాటి మీదా నా అభిప్రాయం ఇది.

ఈ బండి నెలకు రెండు మూడుసార్లు విశాఖపట్నం నుంచి పాడేరు ఘాట్ మీదుగా ముంచంగిపుట్టు వైపు వెళ్లి వస్తుంది. లోపలి ఊళ్లకు పోయే దారుల్లో కంకర తేలిన రోడ్లు, వానాకాలంలో గెడ్డలు (వాగులు) దాటవలసిన చోట్లు ఉంటాయి. డస్టర్‌కు ముందువైపు ఉన్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్. మామూలు షాక్ అబ్జార్బర్ పని ఊపును అణచడం వరకే, కాని ముందున్న స్ట్రట్ స్ప్రింగ్‌ను మోస్తుంది, చక్రం నిలబడే కోణాన్ని పట్టి ఉంచుతుంది, స్టీరింగ్ తిప్పినప్పుడు తానూ తిరుగుతుంది. అందువల్ల అది నీరసిస్తే ప్రయాణ సుఖంతో పాటు బ్రేకు, స్టీరింగ్, టైరు మూడూ దెబ్బతింటాయి.

అరవై వేల కిలోమీటర్ల దగ్గర ముందువైపు నుంచి టక్‌టక్‌మనే శబ్దం మొదలైంది. ఒక సర్వీస్ సెంటర్‌లో బండి ఎత్తి చూడకుండానే నాలుగు చక్రాలకూ స్ట్రట్‌లు, షాక్‌లు మార్చాలని ఎస్టిమేట్ రాసి ఇచ్చారు. గాజువాక ఆటోనగర్‌లోని ఒక చిన్న షెడ్డులో మెకానిక్ మాత్రం చక్రం వెనక చెయ్యి పెట్టి స్టెబిలైజర్ లింకు రాడ్డును (వంపుల్లో బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీని చక్రం భాగానికి కలిపే చిన్న రాడ్డు) అటూ ఇటూ ఊపి, ఆ శబ్దాన్ని నాకు వినిపించి, "లింకు పోయిందండి, స్ట్రట్ జోలికి ఇప్పుడు వెళ్లకండి" అన్నాడు. రెండు లింకులు మార్చగానే శబ్దం పోయింది. చిన్న గుంతల్లో వచ్చే శబ్దానికి ఎక్కువసార్లు కారణం లింకు, చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లోని రబ్బరు బుష్, దాని చివరి బాల్ జాయింట్ లేదా స్ట్రట్ తలను బాడీకి బిగించే మౌంట్. వీటన్నిటినీ చూశాకే స్ట్రట్‌ను అనుమానించాలి.

అసలు చిక్కు ఏమిటంటే అరిగిపోయిన స్ట్రట్ చాలాసార్లు చప్పుడే చేయదు. కొంచెం కొంచెంగా బలం తగ్గుతుంది కాబట్టి రోజూ నడిపేవారి చేతులు దానికి అలవాటుపడిపోతాయి. మాకు మొదట చెప్పింది టైరు. అరచేతిని టైరు చుట్టూ నిమురుతూ పోతే ట్రెడ్ ఒకచోట ఎత్తుగా, జానెడు దూరంలో పల్లంగా, మళ్లీ ఎత్తుగా తగిలింది. ఒక అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంట్‌ను (చక్రాలు నిలబడే కోణాలను) చూడాలి. ఇలా అలలుగా అరిగిందంటే, బ్యాలెన్సింగ్ సరిగానే ఉన్నప్పుడు, చక్రం రోడ్డు మీద నిలవకుండా గెంతుతోందని అర్థం. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు తొక్కితే బండి మునుపటికన్నా ఎక్కువగా ముక్కు దించడం కూడా అప్పుడే గమనించాము.

కంకర దారిలో నడిపేవారు ఇక్కడ ఒక తేడా గుర్తించాలి. అరగంట ఆగకుండా గతుకుల్లో పోతే మంచి స్ట్రట్‌లో కూడా నూనె వేడెక్కి నురగ కడుతుంది, బండి తేలుతున్నట్లు అనిపిస్తుంది, చల్లారాక మళ్లీ మామూలవుతుంది. పొద్దున్నే చల్లని బండిని బయటికి తీసిన మొదటి ఐదారు కిలోమీటర్లలోనే తేలుతుంటే అది అరుగుదల. బానెట్‌ను చేత్తో నొక్కి వదిలే పరీక్ష మీద నాకు అంత నమ్మకం లేదు. బండి రెండు మూడుసార్లు ఊగితే స్ట్రట్ పోయినట్లే గాని, ఊగలేదు కాబట్టి బాగుందని చెప్పలేము. గుంతలో చక్రం కదిలే వేగాన్ని చేతులు తేలేవు.

నూనె విషయంలోనూ తొందర పనికిరాదు. స్ట్రట్ లోపలి నూనె బయటికి రాకుండా ఆపే సీలు దగ్గర కొద్దిగా చెమర్చి దుమ్ము అంటుకోవడం మామూలే. గుడ్డతో శుభ్రంగా తుడిచి, రెండు మూడు వందల కిలోమీటర్లు తిప్పి మళ్లీ చూడాలి. మా కుడి స్ట్రట్ తుడిచిన మూడో రోజుకే సగం దాకా తడిసి, కింద మట్టితో కలిసి నల్లగా ముద్దకట్టింది. దాని డస్ట్ బూటు (రాడ్డును దుమ్ము నుంచి కాపాడే తొడుగు) చిరిగి, రాడ్డు మీద సన్నని గీతలు పడి ఉన్నాయి. బురద లోపలికి పోయి సీలును కోసేసింది.

విప్పిన పాత స్ట్రట్‌ను, కొత్తదాన్ని పక్కపక్కన నిలబెట్టి చేత్తో నొక్కించారు. కొత్తది మొదటి నుంచి చివరిదాకా ఒకే బరువుతో దిగింది. పాతది మధ్యలో ఒకచోట ఏ పట్టూ లేకుండా జారిపోయి, ఆ తర్వాత గట్టిగా తగిలింది. ఎడమ స్ట్రట్ పొడిగానే ఉన్నా రెండూ ఒకేసారి మార్పించాను. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బ్రేకు వేసినప్పుడు రెండు చక్రాల పట్టు సమానంగా ఉండదు. టాప్ మౌంట్లు, బేరింగులు, స్ట్రట్ పూర్తిగా కుంగినప్పుడు దెబ్బను ఆపే బంప్ స్టాప్‌లు, డస్ట్ బూట్లు కూడా అప్పుడే కొత్తవి వేయించడం తెలివైన పని, ఎందుకంటే తర్వాత వాటికోసం ఇదే కూలీ మళ్లీ ఇవ్వాలి. ముందు చక్రాలకు ఇంజిన్ శక్తిని చేర్చే డ్రైవ్ షాఫ్ట్ ఉంటుంది కాబట్టి, స్ట్రట్ తీశాక చక్రం భాగాన్ని వేలాడనివ్వకుండా తాడుతో కట్టి ఉంచారు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. స్ప్రింగ్‌ను నొక్కి పట్టి ఉంచే కంప్రెసర్ లేని షెడ్డులో మాత్రం ఈ పని చేయించకండి, బిగిసి ఉన్న స్ప్రింగ్ ఒక్కసారిగా జారితే ప్రాణానికే ముప్పు. పని ముగిశాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

కంపెనీ అసలు స్ట్రట్‌లే వేయించాము. మొదటి వెయ్యి కిలోమీటర్లు నగరంలో స్పీడ్ బ్రేకర్ల మీద కొంచెం గట్టిగా అనిపించాయి. ఇప్పుడు బండి ముక్కు దించడం తగ్గింది, వంపుల్లో స్టీరింగ్ సరిదిద్దుకోవలసిన అవసరం లేదు, గెడ్డ దాటి గట్టెక్కేటప్పుడు కిందిదాకా కొట్టుకోవడం పోయింది. మన దేశంలో డస్టర్ ఏడబ్ల్యూడీ డీజిల్‌తోనే వచ్చింది, ఆ డీజిల్ అమ్మకం 2020లో ఆగింది కాబట్టి సరుకు దొరకడానికి మాకు రెండు వారాలు పట్టింది, అది ఒక్కటే లోటు. కిలోమీటర్ల విషయానికొస్తే, ఎనభై వేల దగ్గర గట్టిగా పరీక్షించమని సాధారణంగా చెప్పే మాట సబబుగానే ఉంది, కాని కొండదారుల బండిని ప్రతి వానాకాలం తర్వాతా ఎత్తి చూడాలి. మొన్న చూసినప్పుడు ఎడమవైపు సన్నగా చెమర్చి ఉంది. తుడిచి, తేదీ రాసి పెట్టాము.