పిల్లల పెంపకానికి పెన్షన్ లెక్క, విడాకుల్లో పెన్షన్ పంపకం: ఏది ఎవరికి పనికొస్తుంది?

పిల్లల కోసం ఉద్యోగం మానేసిన తల్లికి ముసలితనంలో పెన్షన్ తగ్గిపోతుంది. దీన్ని సరిచేయడానికి జర్మనీలో రెండు దారులున్నాయి.

మొదటిది పెంపకాన్ని పనిగా లెక్కించడం. 1986లో మొదలైంది. 1992 నుంచి పుట్టిన ఒక్కో బిడ్డకు మూడేళ్లు లెక్కలోకి వస్తాయి. పెన్షన్‌ను పాయింట్లతో లెక్కిస్తారు; పెంపకానికి ఏడాదికి సుమారు ఒక పాయింటు, అంటే సగటు జీతగాడు ఏడాది పనిచేస్తే వచ్చేంత. ఆ ఏళ్లకు కట్టాల్సిన పెన్షన్ చందాను ప్రభుత్వమే కడుతుంది. పెళ్లి కాకుండా బిడ్డను పెంచిన తల్లికీ ఇది దక్కుతుంది, నాకు బాగా నచ్చింది అదే. తల్లిదండ్రులు వేరేలా రాసివ్వకపోతే పాయింట్లు మామూలుగా తల్లి ఖాతాకే వెళతాయి. పెంపకం ఆడవాళ్ల పనే అని చట్టమే ఒప్పుకున్నట్టు లేదూ?

రెండోది 1977 నుంచి ఉంది. విడాకులైతే, కాపురం చేసిన కాలంలో ఇద్దరూ సంపాదించుకున్న పెన్షన్ హక్కుల్ని చెరిసగం చేస్తారు. మూడేళ్లు నిండని పెళ్లయితే ఎవరో ఒకరు అడిగితేనే. ఇందులో ప్రభుత్వం తన జేబులోంచి కొత్తగా ఇచ్చేదేమీ లేదు. భర్తకు పెద్ద జీతం ఉంటే భార్యకు గట్టిగానే వస్తుంది. ఇద్దరివీ చిన్న జీతాలైతే పంచుకోవడానికి మిగిలేదెంత? పెళ్లే కాని ఒంటరి తల్లికి ఇందులో పైసా లేదు.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు మొదటిదానికే. కాకపోతే మూడేళ్లు చాలవు. బిడ్డ బడికి వెళ్లడం మొదలుపెట్టాక కూడా సగం రోజు పనితో సరిపెట్టుకునే తల్లులు చాలామందే.