పాత ల్యాప్‌టాప్‌కు లోపలి వైఫై కార్డు కొనేవారికి జాగ్రత్త హెచ్చరిక

పాత ల్యాప్‌టాప్‌లో లోపలి వైఫై కార్డు మార్పించుకోవాలనుకుంటున్నవారు, ముఖ్యంగా ఆఫీసుల్లో వాడి అమ్మేసిన 2010-2014 నాటి యంత్రాలను సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కున్నవారు, డబ్బు చెల్లించే ముందు దయచేసి ఇది చదవండి. కార్డు స్లాటులో చక్కగా కూర్చున్నంత మాత్రాన ల్యాప్‌టాప్ దాన్ని ఒప్పుకుంటుందని అనుకోకూడదు. ఈ సంగతి తెలియక నేను 1,450 రూపాయలు పెట్టి కార్డు కొని, రెండు రోజుల పని పాడుచేసుకుని, చివరికి ఒక యాంటెన్నా వైరు కూడా తెంపించుకున్నాను. నాకు కార్డు అమ్మినాయనకు ఈ సంగతి ముందే తెలుసునని ఆ తరువాత ఆయన నోటి మాటతోనే బయటపడింది. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

నేను అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారుల లెక్కలు రాసి, వారి జీఎస్టీ రిటర్నులు దాఖలు చేస్తూ ఉంటాను. నా ల్యాప్‌టాప్ 2012 నాటిది. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ వేయించాక నా పనికి అది ఇప్పటికీ సరిపోతున్నది. అయితే అందులో కంపెనీ పెట్టిన వైఫై కార్డు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు ఒక్కదాని మీదే, అది కూడా రెండు వైర్లున్నా ఒకసారికి ఒకే యాంటెన్నాతో పనిచేసే రకం. దాని గరిష్ఠ వేగం కాగితం మీద సెకనుకు 150 మెగాబిట్లు. 2.4లో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు మూడే ఉంటాయి. మా వీధిలో ఇంటింటికీ ఫైబర్ కనెక్షన్ వచ్చి, ప్రతి ఇంటి రౌటరూ ఆ మూడింటి మీదే పడేసరికి, నెలనెలా 20వ తేదీన జీఎస్టీ 3బీ రిటర్ను వేసే వేళకు నా పోర్టల్ తెరుచుకోవడమే గగనమైపోయేది. రౌటరులో 5 గిగాహెర్ట్జ్ బ్యాండు కూడా ఉన్నది కనుక, దాన్ని అందుకోగల కార్డు వేయిస్తే సరిపోతుందని నిర్ణయించుకున్నాను. ఆ నిర్ణయం తప్పు కాదని ఇప్పటికీ అంటాను.

రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరం వెళ్లి, పాత కంప్యూటర్ల విడిభాగాలు అమ్మే ఒక దుకాణంలో ల్యాప్‌టాప్ మోడల్ పేరు కాగితం మీద రాసి మరీ చూపించాను. దుకాణదారు ఆ కాగితం వైపు సరిగా చూడకుండానే, ‘ఆయ్, మినీ పీసీఐ స్లాటుంటే చాలండి, ఏ కంపెనీ ల్యాప్‌టాప్‌లోనైనా ఆడేస్తదండి’ అని చెప్పి ఇంటెల్ 7260 కార్డు చేతిలో పెట్టారు. కార్డు మంచిదే. రెండు యాంటెన్నాలతో, రెండు బ్యాండుల మీదా పనిచేస్తూ 867 మెగాబిట్ల దాకా పట్టగలదు, బ్లూటూత్ కూడా ఉన్నది. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద ‘వైఫై కార్డు’ అని మాత్రమే రాసి, కింద ‘అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు’ అని ముద్ర వేశారు. అప్పుడే అనుమానం రావలసింది.

ఇంటికి వచ్చి, ఛార్జరు తీసి, బ్యాటరీ ఊడదీసి, అడుగుమూత విప్పాను. మా వైపు గాలిలో తేమ ఎక్కువ, ఉప్పదనం కూడా ఎక్కువే. స్క్రూల తలలు తుప్పు పట్టి రెండు చోట్ల పట్టు జారిపోయాయి, చాలా ఓపికగా తీయవలసివచ్చింది. పాత కార్డు బొటనవేలి వెడల్పున ఉన్నది. దాని మీద రెండు సన్నని వైర్లు, ఒక్కొక్క వైరు కొసన ఆవగింజంత బంగారు రంగు కప్పు. ఆ కప్పును గోటితో నిటారుగా పైకి లేపాలే తప్ప పక్కకు లాగకూడదు. రెండు స్క్రూలు విప్పగానే కార్డు దానంతటదే ఒక కొస పైకి లేచి వాలుగా నిలబడుతుంది. కొత్తదాన్ని అదే వాలులో స్లాటులోకి తోసి, కిందికి అదిమి, స్క్రూలు బిగించాను. అచ్చు అక్కడికోసమే తయారైనట్టు కూర్చున్నది.

స్విచ్ వేయగానే తెర నల్లగా మారి ఇంగ్లీషులో ఒకే వాక్యం వచ్చింది. అనుమతి లేని నెట్‌వర్క్ కార్డు పెట్టారు, యంత్రం ఆపి కార్డు తీసివేయండి అని దాని అర్థం. అక్కడితో అంతా ఆగిపోయింది. విండోస్ రాలేదు, దానికంటే ముందే నడిచి యంత్రాన్ని లేపే బయోస్ అనే ప్రోగ్రాము సెట్టింగులు కూడా తెరుచుకోలేదు. పాత కార్డు తిరిగి పెడితే ఏమీ జరగనట్టుగా మామూలుగా వచ్చింది. మూడుసార్లు మార్చి చూశాను, మూడుసార్లూ అంతే.

దీనికి కారణం తెలుసుకోవడానికి నాకు ఒక రాత్రంతా పట్టింది. కొన్ని కంపెనీలు, ముఖ్యంగా ఆఫీసు ల్యాప్‌టాప్‌లు తయారుచేసేవి, ఏయే వైఫై కార్డులను అనుమతించాలో ఒక జాబితాను ఆ రోజుల్లో బయోస్‌లోనే రాసిపెట్టేవి. దీన్నే వైట్‌లిస్ట్ అంటారు. యంత్రం ఆన్ కాగానే స్లాటులోని కార్డు గుర్తింపు సంఖ్యలను ఆ జాబితాతో సరిచూస్తుంది, అవి అందులో లేకపోతే అక్కడే ఆగిపోతుంది. ఇక్కడే అసలు మెలిక ఉన్నది. విండోస్‌లో డివైస్ మేనేజరు తెరిచి, కార్డు ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీలు చూస్తే ముఖ్యమైన మూడు ముక్కలు కనిపిస్తాయి. మొదటిది తయారీదారుది, ఇంటెల్ అయితే 8086. రెండవది కార్డు రకానిది, నా 7260కి అది 08బీ1. మూడవది సబ్‌సిస్టమ్ సంఖ్య, ఆ కార్డును ఏ ల్యాప్‌టాప్ కంపెనీ కోసం తయారుచేశారో చెప్పేది. మొదటి రెండూ కలిసినా మూడవది కలవకపోతే ల్యాప్‌టాప్ ఒప్పుకోదు. అంటే, అదే ఇంటెల్, అదే నంబరు గల కార్డు ఒక కంపెనీ ముద్రతో వస్తే నడుస్తుంది, మరో కంపెనీ ముద్రతో వస్తే నడవదు. పై స్టిక్కరు చూసి ‘ఇంటెల్ 7260 మీ మోడల్‌కు వస్తుంది’ అని ఎవరైనా చెబితే ఆ మాట సగమే నిజమని గుర్తుంచుకోండి.

మర్నాడు మళ్లీ ఆ దుకాణానికి ల్యాప్‌టాప్‌తో సహా వెళ్లాను. తెర మీది వాక్యం చూడగానే దుకాణదారు, ‘ఓ, ఈ మోడలా, దీనికి లాకుంటదండి, ఇలాంటివి నెలకి రెండు మూడు వస్తాయి’ అన్నారు. నెలకు రెండు మూడు వస్తున్నప్పుడు, నేను మోడల్ పేరు రాసి చూపించిననాడు ఆ ముక్క ఎందుకు చెప్పలేదని అడిగితే సమాధానం లేదు. డబ్బు తిరిగి ఇవ్వకుండా ఒకదాని తరువాత ఒకటి ఉపాయాలు చెప్పారు. మొదట కార్డు అంచున వరుసగా ఉండే లోహపు పిన్నుల్లో 20వదాని మీద సన్నని టేపు అతికిద్దామన్నారు. ఆ పిన్ను కార్డులోని వైఫై రేడియోను ఆపిఉంచే సంకేతానికి సంబంధించినది. కార్డు కనిపిస్తూ కూడా వైఫై ఆన్ కానప్పుడు అది పనికొస్తుందే తప్ప, గుర్తింపు సంఖ్యలు చదివి యంత్రాన్ని ఆపేసే బయోస్‌ను ఆ టేపు ఏమీ చేయలేదు. అయినా అతికించారు, ఏమీ మారలేదు. అక్కడ రిపేరు చేసే కుర్రాడు టేపు కోసం కార్డు తీస్తూ, గోటికి బదులు స్క్రూడ్రైవరు కొసతో వైరును పక్కకు ఎత్తాడు. వైరు కొసనున్న కప్పు ఊడి కార్డు మీదే ఉండిపోయింది. ఆ వైర్లు తెర చుట్టూ తిరిగి వస్తాయి కనుక, కొత్త వైరు వేయాలంటే తెర చట్రమంతా విప్పాలి. ఆ ఖర్చు కూడా నాదేనన్నారు.

ఆ తరువాత బయోస్‌నే మార్చేద్దామని, ఇంటర్నెట్‌లో దొరికే మార్చిన బయోస్ ఎక్కిస్తే లాకు పోతుందని అన్నారు. దీనికి మాత్రం నేను ఒప్పుకోలేదు, మీరూ ఒప్పుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఎవరు మార్చారో తెలియని బయోస్‌ను డబ్బు లెక్కలుండే యంత్రంలోకి ఎక్కించడం ఒక ప్రమాదం. ఎక్కిస్తుండగా మధ్యలో కరెంటు పోతే, ఫైలు మీ మోడల్‌కు సరిపడకపోతే, ల్యాప్‌టాప్ అసలు ఆన్ కాకుండా పోవచ్చు. అప్పుడు మదర్‌బోర్డు మీది చిప్పును క్లిప్పుతో పట్టి ప్రత్యేక పరికరంతో మళ్లీ రాయించవలసి ఉంటుంది. 1,450 రూపాయల కార్డు కోసం మొత్తం యంత్రాన్ని పణంగా పెట్టడం నాకు సమంజసంగా తోచలేదు.

లాకు లేని ల్యాప్‌టాప్ అయినా కొనేముందు స్లాటు ఏదో తెలుసుకోవాలి. 52 పిన్నుల మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులు పూర్తి నిడివి, సగం నిడివి అని రెండు రకాలు. మొదటిది దాదాపు 51 మిల్లీమీటర్లు, రెండవది దాదాపు 27. ఇవి రెండూ 30 మిల్లీమీటర్ల వెడల్పే. కొత్త ల్యాప్‌టాప్‌లలోని ఎం.2 కార్డు వెడల్పు 22 మాత్రమే, దాని పిన్నుల అమరిక కూడా వేరు కనుక పాత స్లాటులో దూరదు, దూర్చకూడదు. అడాప్టరు వేస్తే సరిపోతుందని అమ్మేవారు అంటారు, కానీ ఎం.2 కార్డు మీది యాంటెన్నా కప్పులు ఇంకా చిన్నవి. పాత వైర్లను వాటి మీద బలవంతంగా నొక్కితే రెండూ పాడవుతాయి. పేరులో ఏఎక్స్201, ఏఎక్స్211, 9560 అని ఉన్నవాటిని అసలే తీసుకోకండి. వాటి పనిలో కొంత భాగం కొత్త ఇంటెల్ చిప్‌సెట్ల లోపల జరుగుతుంది కనుక పాత యంత్రంలో అవి ఏ అడాప్టరుతోనూ నడవవు. మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఆకారంలో అమ్ముతున్న ఏఎక్స్200 కార్డులు కూడా ఇంటెల్ ఆ ఆకారంలో విడుదల చేసినవి కావు, ఇతరులు కూర్చినవి. వాటికి విండోస్ 7 డ్రైవరు లేదు. మరొక సంగతి, కొన్ని ల్యాప్‌టాప్‌లలో అదే ఆకారంలో రెండో స్లాటు కూడా ఉంటుంది. అది సిమ్ కార్డు మోడెమ్‌కో, చిన్న ఎస్ఎస్‌డీకో ఉద్దేశించినది. వైఫై కార్డును అక్కడ పెట్టి, పనిచేయడం లేదని దుకాణాల చుట్టూ తిరగకండి.

నా సమస్య చివరికి తీరిన దారి చాలా సులువైనది, ముందే తెలిస్తే ఒక్క పూటలో అయిపోయేది. ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైటులో ఆ మోడల్‌కు సంబంధించిన సర్వీసు మాన్యువల్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఆ యంత్రానికి అనుమతి ఉన్న ప్రతి వైఫై కార్డూ పార్టు నంబరుతో సహా రాసి ఉంటుంది. నా మోడల్ జాబితాలో ఇంటెల్ 6205 ఉన్నది. అది 7260 అంత వేగవంతమైనది కాకపోయినా, 5 గిగాహెర్ట్జ్ అందుకుంటుంది, 300 మెగాబిట్ల దాకా పడుతుంది. మా బావగారి అబ్బాయి కాకినాడలో వెతికి, అదే మోడల్ ల్యాప్‌టాప్ నుండి తీసిన కార్డును, స్టిక్కరు మీది పార్టు నంబరు ఫోటో ముందుగా నాకు పంపించి, మాన్యువల్‌తో సరిపోయాకే 350 రూపాయలకు కొన్నాడు. తెర చట్రం విప్పి యాంటెన్నా వైరు మార్చడానికి మరో 600 అయింది. మొదటిసారి స్విచ్ వేయగానే పనిచేసింది. ల్యాప్‌టాప్ విప్పడం ఇష్టంలేనివారికి యూఎస్‌బీ వైఫై డాంగిల్ (బయటి నుండి గుచ్చే చిన్న వైఫై పరికరం) ఉండనే ఉన్నది, స్లాటులోని కార్డును చూసే ఆ లాకు దాని జోలికి రాదు.

పాత దుకాణం విషయంలో, వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. వస్తువు దేనికి పనికొస్తుందో తప్పుదోవ పట్టించేలా చెప్పి అమ్మడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. అటు నుండి సమాచారం వెళ్లాక దుకాణదారు ఫోన్ చేసి 900 రూపాయలు తిరిగి పంపారు. మిగిలిన 550, వైరుకు అయిన 600 ఇంకా రావలసే ఉన్నాయి, అడుగుతూనే ఉన్నాను. ఈలోగా, రేపు ఈ యంత్రాన్ని ఎవరు విప్పినా నాలా మోసపోకుండా, అనుమతి ఉన్న కార్డుల పార్టు నంబర్లను చిన్న చీటీ మీద రాసి అడుగుమూత లోపలివైపు అతికించాను.